మబ్బు కమ్మిన దారిలో ఎదురెదురుగా

1922 ఏప్రిల్ 7. ఉత్తర ఫ్రాన్సులోని పికార్డీ ప్రాంతమంతా పొగమంచు, పైన సన్నటి తుంపర. లండన్ శివార్లలోని క్రాయిడన్ నుంచి బయల్దేరిన ఒక విమానం పారిస్‌ వైపు వస్తోంది. పారిస్ శివార్లలోని లె బూర్జె నుంచి లేచిన ఇంకో విమానం లండన్‌ వైపు పోతోంది. మొదటిది డైమ్లర్ ఎయిర్‌వే కంపెనీ నడిపే డీహెచ్-18. ఒకే ఇంజను. ఆ రోజు అందులో ప్రయాణికులు ఎవరూ లేరు. ఉన్నదల్లా టపా, పైలట్, సహాయకుడిగా పనిచేసే ఒక కుర్రవాడు. రెండోది ఫ్రెంచి కంపెనీకి చెందిన ఫార్మన్ గోలియత్. రెండు ఇంజన్లు. పైలట్, మెకానిక్ కాక అందులో ముగ్గురు ప్రయాణికులున్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరు కొత్తగా పెళ్లయిన అమెరికన్ దంపతులు.

మబ్బు బాగా కిందికి దిగివుంది. నేల కనిపిస్తే తప్ప దారి తెలియని కాలమది. అందుకే పైలట్లిద్దరూ విమానాలను సుమారు 150 మీటర్ల ఎత్తుకు దించేశారు. త్యులువా-సెంత్-ఆంత్వాన్ అనే పల్లె మీద ఆ రెండూ ఎదురెదురుగా ఢీకొన్నాయి. బ్రిటిష్ విమానం రెక్కా తోకా విరిగిపోయాయి. రెండూ కూలిపోయాయి. ఏడుగురిలో ఒక్కరూ మిగల్లేదు. ప్రయాణికుల సర్వీసు విమానాలు రెండు గాలిలో ఢీకొనడం చరిత్రలో అదే మొదటిసారి.

వాతావరణం బాగోలేక జరిగిన ప్రమాదమని ఒక్క ముక్కలో తేల్చేయడం తేలిక. కానీ అంత పెద్ద ఆకాశంలో, ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని విమానాలే తిరుగుతుండగా, రెండు విమానాలు సరిగ్గా ఒకే చోటికి ఎలా వచ్చాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే మబ్బు చేసే పని ఏమిటో, మన కన్ను ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలుస్తుంది. వందేళ్లు దాటినా చిన్న విమానాలకు ఆ ముప్పు ఇంకా ఎందుకు తప్పలేదో కూడా తెలుస్తుంది.

మబ్బు ఆకాశాన్ని కుదించేస్తుంది

ఆకాశానికి పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఉన్నాయి. ఆ మూడు దిక్కులా స్వేచ్ఛగా తిరిగే విమానాలు కొన్నే ఉంటే, రెండు ఒకే క్షణంలో ఒకే చోటికి రావడం చాలా అరుదు. మబ్బు ఈ లెక్కను తారుమారు చేస్తుంది. పైన మబ్బు, కింద నేల, మధ్యలో పల్చటి పొర. ఎగరగలిగిన ఆకాశమంతా ఆ పొరలోకి కుదించుకుపోతుంది. ఎత్తు ఎంచుకునే స్వేచ్ఛ పోతుంది.

1922 నాటి పైలట్లకు దారి చూపే పరికరాలు అంతంతమాత్రం. రోడ్డు, రైలు పట్టాలు, నది, చర్చి గోపురం, ఇవే వాళ్లకు కొండగుర్తులు. మంచు కమ్మినకొద్దీ ఆ గుర్తులను మరింత గట్టిగా పట్టుకుని ఎగరాలి. దాంతో కుడిఎడమల స్వేచ్ఛ కూడా పోతుంది. మూడు దిక్కుల ఆకాశం కాస్తా ఒక్క గీతగా మారుతుంది. ఆ గీత మీద ఒకరు అటు నుంచి, మరొకరు ఇటు నుంచి వస్తున్నారు. అంటే పొగమంచు ఎదుటి విమానాన్ని దాచిపెట్టడంతో ఊరుకోలేదు. ముందు ఇద్దరినీ ఒకే దారిలోకి తోలింది, ఆ తర్వాతే చూపుకు అడ్డు నిలిచింది.

అదే నీరు, రెండు వందల రెట్ల తేడా

వాన పడుతున్నా దూరాన ఉన్న కొండ మసకగానైనా కనిపిస్తుంది. చుక్క వాన లేకుండా మంచు కమ్మితే మాత్రం వంద మీటర్ల దూరంలోని చెట్టు కూడా మాయమవుతుంది. గాలిలో నీరు ఎక్కువైనందువల్ల ఇలా జరుగుతుందనుకుంటాం. అసలు సంగతి నీరు ఎంత అన్నదానికంటే ఎంత చిన్న బిందువులుగా ఉంది అన్నదే.

ఒక ఘనపు మీటరు మంచులో పదోవంతు గ్రాము నీరు ఉందనుకుందాం. పొగమంచు బిందువు వ్యాసం సుమారు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వందోవంతు. లెక్క కడితే ఆ ఒక్క ఘనపు మీటరులోనే 19 కోట్ల దాకా బిందువులు తేలుతుంటాయి. ప్రతి బిందువూ తన మీద పడిన వెలుగును పక్కలకు చిమ్ముతుంది. ఈ లెక్కన చూపు వంద మీటర్లు దాటి కొంచెం ముందుకు పోయేసరికే ఆగిపోతుంది. అదే పదోవంతు గ్రాము నీటిని 2 మిల్లీమీటర్ల వాన చినుకులుగా మార్చితే, అవి వెలుగుకు అడ్డుపడే మొత్తం వైశాల్యం 200 రెట్లు తగ్గిపోతుంది. అప్పుడు ఇరవై కిలోమీటర్ల దూరం కూడా కనిపిస్తుంది.

వెలుగును ఇలా పక్కలకు చిమ్మడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. ఎదుటి విమానం నుంచి రావలసిన వెలుగు దారిలోనే చెదిరిపోతుంది, దానికి బదులు చుట్టూ ఉన్న మంచు తెలుపు కంట్లోకి వచ్చి చేరుతుంది. విమానానికీ దాని వెనకున్న ఆకాశానికీ ఉన్న రంగు తేడా కరిగిపోతుంది. కన్ను దేన్నైనా గుర్తుపట్టేది ఆ తేడాతోనే. అది లేకపోతే ఎంత పెద్ద రెక్క అయినా కంటికి ఆనదు.

పైగా చూడటానికి ఏ గుర్తూ లేని తెల్లటి శూన్యంలోకి చూస్తున్నప్పుడు కన్ను దూరంలో దృష్టి నిలుపలేదు. కంటి కటకం సడలి, చూపు తనంతట తానే ఒకటి రెండు మీటర్ల దూరంలో నిలిచిపోతుంది. పైలట్ తాను దూరానికే చూస్తున్నాననుకుంటాడు, కన్ను మాత్రం కాక్‌పిట్ అద్దం దగ్గరే ఆగి ఉంటుంది.

పన్నెండున్నర సెకన్లు

ఎదుటి విమానం కంటపడింది సరే, తప్పించుకోవడానికి ఎంత సమయం కావాలి? అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్లకిచ్చే సూచనల్లో దీన్ని మెట్లుమెట్లుగా లెక్కగట్టింది. వస్తువు కంటపడటానికి 0.1 సెకను. అది విమానమని గుర్తించడానికి 1 సెకను. మనకే ఎదురొస్తోందని గ్రహించడానికి 5 సెకన్లు. ఎటు తిప్పాలో నిర్ణయించుకోవడానికి 4 సెకన్లు. చెయ్యి కదలడానికి 0.4 సెకను. విమానం ఆ మాట విని తిరగడానికి 2 సెకన్లు. మొత్తం 12.5 సెకన్లు.

ఇందులో చేతికీ యంత్రానికీ పట్టేది రెండున్నర సెకన్ల లోపే. తక్కినదంతా మనసుకు పట్టే కాలం. మెరుపులాంటి చెయ్యి ఉన్న పైలట్‌కైనా ఈ లెక్క పెద్దగా మారదు.

పికార్డీ విమానాలకు ఈ లెక్క వేసి చూద్దాం. రెండింటి వేగాలు కలిపితే గంటకు సుమారు 300 కిలోమీటర్లు. సెకనుకు 83 మీటర్లు. పన్నెండున్నర సెకన్లు దొరకాలంటే కిలోమీటరు పైచిలుకు దూరం నుంచే ఒకరికొకరు కనిపించాలి. అర కిలోమీటరు చూపు ఉందనుకున్నా చేతికి దొరికేది ఆరు సెకన్లు. కనిపించేసరికే సమయం మించిపోయి ఉంటుంది.

సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున మంచు కమ్మిన జాతీయ రహదారి మీద బండి నడిపినవాళ్లకు ఇలాంటి భయం తెలిసే ఉంటుంది. అక్కడ వేగం తగ్గించవచ్చు, ఇంకా కాకపోతే పక్కకు తీసి ఆపేయవచ్చు. విమానానికి ఆ వీలు లేదు. ఒక హద్దు దాటి వేగం తగ్గిందంటే రెక్కలు దాన్ని మోయలేవు. ఎగురుతున్నంతసేపూ అది ముందుకు దూసుకుపోతూనే ఉండాలి.

అందుకే కంటిచూపు మీద ఆధారపడి ఎగిరేవారికి ఈనాటి అంతర్జాతీయ నిబంధనలు కొలతలు పెట్టాయి. మామూలుగా కనీసం 5 కిలోమీటర్ల దూరం కనిపించాలి. మబ్బుకు పక్కగా 1,500 మీటర్లు, పైకీ కిందికీ వెయ్యి అడుగులు ఎడం ఉండాలి. మబ్బులోంచి హఠాత్తుగా ఎవరైనా బయటికి వస్తే తప్పుకోవడానికి ఆ ఎడం కావాలి.

కదలకపోవడమే ప్రమాద సంకేతం

ఆకాశం తేటగా ఉన్నా కన్ను మోసపోయే సందర్భం ఇంకొకటుంది. దానికి మూలం జ్యామితి.

రెండు విమానాలు మారని వేగంతో, మారని దిశల్లో ఒకే బిందువు వైపు వస్తున్నాయనుకోండి. అప్పుడు ఒక పైలట్‌కు రెండో విమానం అద్దంలో ఒకే చోట నిలిచి కనిపిస్తుంది. పక్కకు జరిగే విమానం పక్కనుంచి పోయేదే, దానితో భయం లేదు. కదలకుండా నిలిచి ఉన్నదే ఢీకొట్టబోయేది. మన కన్నేమో కదిలేదాన్ని చప్పున పట్టుకుంటుంది, నిలిచి ఉన్నదాన్ని పట్టించుకోదు. అసలు శత్రువే కంటికి ఆనకుండా పోతుంది.

పోనీ, అది దగ్గరయ్యేకొద్దీ పెద్దదవుతుంది కదా? అవుతుంది గానీ, చివర్లోనే. 11 మీటర్ల రెక్కలున్న చిన్న విమానం, రెండింటి వేగం కలిపి సెకనుకు 120 మీటర్ల చొప్పున ఎదురొస్తోందనుకుందాం. పన్నెండున్నర సెకన్ల ముందు అది కొసనుంచి కొసకు పున్నమి చంద్రుడి కంటే కొంచెం చిన్నగా ఉంటుంది. దూరం సగమైన ప్రతిసారీ దాని పరిమాణం రెట్టింపవుతుంది. ఆరు సెకన్ల ముందు దాదాపు రెండు చంద్రుళ్లంత, మూడు సెకన్ల ముందు మూడున్నర చంద్రుళ్లంత, ఒకటిన్నర సెకను ముందు ఏడు చంద్రుళ్లంత. చాలాసేపు చిన్న మరకలా ఉన్నది, చివరి రెండు మూడు సెకన్లలో ఒక్కసారిగా విచ్చుకుని అద్దమంతా నిండిపోతుంది. ఆ మరక కిటికీ చట్రం వెనకో, రెక్క వెనకో పడిందంటే అదీ కనిపించదు. కదలని వస్తువు కదలని చట్రం వెనక చేరితే చివరిదాకా అక్కడే దాగి ఉంటుంది.

అమెరికాలోని ఎంఐటీ లింకన్ ప్రయోగశాల దీన్ని ఎగిరి పరీక్షించింది. పైలట్లకు ముందుగా చెప్పకుండా, ఇంకో విమానాన్ని వాళ్ల దారికి దగ్గరగా పంపించారు. 64 సార్లు ఇలా పంపితే పైలట్లు చూడగలిగింది 36 సార్లే. ఎదుటి విమానం ఎటువైపు ఉందో ముందే తెలిస్తే మాత్రం వెతుకులాట ఎనిమిది రెట్లు ఫలిస్తుందని ఇటువంటి పరిశోధనల్లో తేలింది. పైలట్లకు శ్రద్ధ లేక కాదు, కంటికి ఉన్న హద్దే అంత.

ప్రతి నిబంధన వెనకా ఒక ప్రమాదం

పికార్డీ ప్రమాదం తర్వాత లండన్-పారిస్ దారిలో విమానాలు నడిపే కంపెనీలు, పైలట్లు, బ్రిటన్ వైమానిక మంత్రిత్వశాఖ అధికారులు క్రాయిడన్‌లో సమావేశమయ్యారు. అందరూ దారికి కుడివైపునే ఎగరాలని తీర్మానించారు. బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ దేశాల మీదుగా స్పష్టమైన వాయుమార్గాలు ఏర్పాటు కావాలన్నారు. ప్రతి ప్రయాణికుల విమానంలోనూ రేడియో ఉండాలన్నారు. కొత్తగా కట్టే విమానాల్లో పైలట్‌కు ముందువైపు అడ్డులేకుండా కనిపించాలన్నారు.

ఈ చివరి తీర్మానం ఎందుకు అవసరమైందో ఆ విమానాలను చూస్తే అర్థమవుతుంది. డీహెచ్-18లో పైలట్ కూర్చునేది ప్రయాణికుల గది వెనకాల, పైకప్పు లేని గూటిలో. ముందున్న గది, దాని ముందున్న పెద్ద ఇంజను దాటి అతను దారి చూసుకోవాలి. గోలియత్‌లోనూ పైలట్ ముందు ప్రయాణికుల గది ఒకటుంది. మంచు సంగతి అలా ఉంచితే, సొంత విమానమే వాళ్ల చూపుకు అడ్డు.

ఆ తర్వాతి పాఠాలూ ఇలాంటి మూల్యంతోనే వచ్చాయి. 1956 జూన్ 30న అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ మీద, ఉరుము మబ్బుల చుట్టుపక్కల, రెండు పెద్ద విమానాలు 21,000 అడుగుల ఎత్తున ఢీకొని 128 మంది చనిపోయారు. అక్కడ ఎవరి కళ్లు వారికే దిక్కు అన్న పద్ధతి నడుస్తుండేది. ఆ ఘటన తర్వాత 1958లో అమెరికా కొత్త విమానయాన చట్టం చేసింది. నేటి ఎఫ్‌ఏఏ పుట్టింది ఆ చట్టంతోనే.

మన దేశానికి ఆ పాఠం 1996 నవంబర్ 12న అందింది. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ బోయింగ్ 747ను 14,000 అడుగుల దగ్గర ఆగమన్నారు. దిగడానికి వస్తున్న కజకిస్తాన్ ఇల్యూషిన్-76ను 15,000 అడుగుల దగ్గర ఉండమన్నారు. రావడానికీ పోవడానికీ ఒకటే దారి. ఇల్యూషిన్ తనకిచ్చిన ఎత్తు కంటే కిందికి దిగిపోయింది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద, మబ్బులో, రెండూ ఢీకొన్నాయి. దగ్గర్లో ఎగురుతున్న అమెరికా వైమానిక దళ పైలట్ ఒకరికి మబ్బు లోపల నారింజ రంగు వెలుగు కనిపించింది. 349 మంది మరణించారు. గాలిలో ఢీకొన్న ప్రమాదాల్లో నేటికీ ఇదే అతిపెద్దది. చనిపోయినవారిలో పొట్టకూటికి గల్ఫ్ దేశాలకు పోతున్న కార్మికులు చాలామంది ఉన్నారు. అప్పటి ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడుందో చూపేది గానీ ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. ఆ తర్వాత రాకపోకల దారులను విడదీశారు. ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ పరికరాన్ని తప్పనిసరి చేశారు.

రేడియోకు మబ్బు అడ్డు కాదు

మంచు బిందువుకు దొరికిపోయిన వెలుగు తరంగం పొడవు అర మైక్రాను. బిందువు అంతకు ఇరవై రెట్లు పెద్దది. వెలుగు చెదిరిపోయేది అందుకే. టీకాస్ వాడే రేడియో తరంగం పొడవు సుమారు 28 సెంటీమీటర్లు. ఆ తరంగం ముందు మంచు బిందువు లేనట్టే లెక్క. కన్ను వంద మీటర్లు చూడలేని మబ్బులోంచి ఆ తరంగం పదుల కిలోమీటర్లు సునాయాసంగా పోతుంది.

టీకాస్ చేసే పని చుట్టుపక్కల విమానాలను రేడియోలో పలకరించడం. ఆ విమానాల్లోని ట్రాన్స్‌పాండర్ అనే పరికరం తన ఎత్తు చెబుతూ బదులిస్తుంది. జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఆ దూరాన్ని దగ్గరయ్యే వేగంతో భాగిస్తే ఢీకొనడానికి ఎన్ని సెకన్లు మిగిలాయో తేలుతుంది. ముందు జాగ్రత్త అంటుంది. ప్రమాదం ఇంకా దగ్గరైతే ఒక విమానాన్ని పైకి పొమ్మని, రెండోదాన్ని కిందికి దిగమని చెబుతుంది. ఇద్దరికీ ఒకే దిక్కు చెప్పకుండా రెండు యంత్రాలూ ముందే మాట్లాడుకుంటాయి.

ఆ మాటను మీరితే ఏమవుతుందో 2002 జులై 1 రాత్రి జర్మనీలోని యూబర్లింగన్ మీద తెలిసింది. టీకాస్ పైకి పొమ్మంటోంది, నేల మీది కంట్రోలర్ కిందికి దిగమంటున్నాడు. రష్యన్ విమానం కంట్రోలర్ మాట విని, సరుకుల విమానాన్ని ఢీకొంది. 71 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బడిపిల్లలు. అటువంటి క్షణంలో టీకాస్ మాటే వినాలన్న నియమం అప్పుడు గట్టిపడింది.

చిన్న విమానాలను ఎందుకు వదిలేశాం?

ఇంత చేశాక ముప్పు తీరిపోయిందనుకోవడానికి వీల్లేదు. అంతర్జాతీయ నియమం ప్రకారం టీకాస్ తప్పనిసరి అయ్యేది 5,700 కిలోల కంటే బరువైన, లేదా 19 మందికి మించి ప్రయాణికులను మోసే టర్బైన్ ఇంజను విమానాలకు. పది మంది కూర్చునే విమానం, నీటి మీద దిగే విమానం, శిక్షణ విమానం, ఇవన్నీ ఆ గీతకు ఇవతలే ఉండిపోయాయి. మబ్బు కింది పల్చటి పొరలో ఎక్కువగా తిరిగేవేమో ఇవే. మొట్టమొదట ఢీకొన్నవి చిన్న విమానాలే, రక్షణ అందరికంటే చివర అందుతున్నదీ వాటికే.

2019 మే 13న అలాస్కాలోని కెచికాన్ దగ్గర పర్యాటకులను తిప్పే రెండు చిన్న నీటి విమానాలు ఢీకొన్నాయి. 16 మందిలో ఆరుగురు చనిపోయారు. ఆ రోజు ఆకాశం బాగానే ఉంది. విచారణ జరిపిన అమెరికా రవాణా భద్రతా బోర్డు ప్రధాన కారణంగా చెప్పింది కంటిచూపుతో తప్పించుకునే పద్ధతికి సహజంగా ఉన్న లోపాలనే. విమానం చట్రం, కిటికీ కమ్ములు ఎదుటి విమానాన్ని కప్పేశాయి. రెండింటిలోనూ తెర మీద ఇతర విమానాలను చూపే పరికరాలున్నా, చెవిలో మోగి హెచ్చరించవలసిన ఏర్పాటు ఆ క్షణంలో పనికిరాలేదు. డబ్బు తీసుకుని ప్రయాణికులను తిప్పేవారికి అలాంటి హెచ్చరిక పరికరాన్ని నియంత్రణ సంస్థ తప్పనిసరి చేయకపోవడాన్ని కూడా బోర్డు ఎత్తిచూపింది.

నిజానికి పరిష్కారం అలాస్కాలోనే మొదలైంది. 1990ల చివర్లో కాప్‌స్టోన్ పేరుతో అక్కడి చిన్న విమానాలకు ఏడీఎస్-బీ పరికరాలు అమర్చారు. విమానం తానెక్కడున్నదీ జీపీఎస్‌తో తెలుసుకుని, సుమారు సెకనుకోసారి చుట్టుపక్కల అందరికీ రేడియోలో చాటుతుంది. రాడార్ అందని కొండల మధ్య కూడా పక్క విమానం తెర మీద కనిపిస్తుంది. 2004 నాటికి స్విట్జర్లాండ్‌లో ఇంజను లేని గ్లైడర్ల కోసం ఫ్లార్మ్ అనే చవకైన చిన్న పరికరం వచ్చింది. గాలి ఒరవడి పైకి ఎత్తే చోట గుంపుగా తిరిగే గ్లైడర్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా అది కాపాడుతోంది. ఇప్పుడు జేబులో పట్టే ఏడీఎస్-బీ రిసీవర్లు కూడా దొరుకుతున్నాయి.

జీపీఎస్ ఇంకో అవసరాన్ని కూడా తెచ్చిపెట్టింది. వెనకటి పైలట్ దారి తప్పి అటూ ఇటూ పోయేవాడు, ఆ తప్పే ఒక్కోసారి అతన్ని కాపాడేది. ఇప్పుడు అందరూ ఒకే గీత మీద మీటర్ల లెక్కన ఎగురుతున్నారు. 2006 సెప్టెంబర్ 29న బ్రెజిల్ అడవుల మీద 37,000 అడుగుల ఎత్తున బోయింగ్ 737, చిన్న జెట్ ఒకటి సరిగ్గా ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి. జెట్‌లో ట్రాన్స్‌పాండర్ పనిచేయడం లేదు. బోయింగ్‌లోని 154 మందీ మరణించారు. 1922లో రోడ్డు చేసిన పనిని ఈసారి జీపీఎస్ గీత చేసింది. దారి ఎంత కచ్చితమైతే, ఆ దారిలో ఇంకెవరున్నారో తెలియడం అంత అవసరం.

మన దేశంలో చిన్న పట్టణాలకు విమానాలు పెరుగుతున్నాయి. పైలట్ కావాలనుకునే పిల్లలూ పెరుగుతున్నారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఆకాశంలోనూ శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. వాళ్లకు కళ్లు తెరుచుకుని ఎగరమని చెప్పడం అవసరమే గానీ అది చాలదు. మబ్బు దిగినప్పుడు లేవకపోవడం, మధ్యలో దిగితే వెనక్కి తిరగడం మొదటి రక్షణ. వెనక్కి తిరిగిన పైలట్‌ను పిరికివాడు అనని యజమాని, ఆలస్యమైందని గొడవపడని ప్రయాణికుడు రెండో రక్షణ. ఎదుటివారు ఎక్కడున్నారో చెవిలో చెప్పే పరికరం మూడోది. విమానం ఖరీదు ముందు దాని ఖరీదు స్వల్పం. డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకునే ప్రతి విమానంలోనూ, శిష్యుణ్ని ఒంటరిగా పంపే ప్రతి శిక్షణ విమానంలోనూ అది ఉండాలన్న నిబంధన రావాలి. ఇంతవరకూ విమానయాన నిబంధనలు ప్రమాదం జరిగాకే వచ్చాయి. ఈ ఒక్కదానికి కావలసిన విజ్ఞానమూ పరికరమూ రెండూ మన చేతిలో ఉన్నాయి కనుక, ఇదైనా ప్రమాదం కంటే ముందు రావాలి.